మార్జరీ కెంప్ రాతప్రతి చదవడం ఎలా మొదలుపెట్టాలి

మొదటి పేజీ చూడగానే ఇది ఇంగ్లీషేనా అనిపిస్తుంది, టెన్షన్ పడకండి. 15వ శతాబ్దపు ఇంగ్లండ్ భక్తురాలు మార్జరీ కెంప్ తన దర్శనాల గురించి చెప్పి రాయించుకున్న పుస్తకానికి మిగిలిన పూర్తి రాతప్రతి ఇదొక్కటే. 1934లో ఇంగ్లండ్‌లో ఒక కుటుంబం దగ్గర బయటపడింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ముందు ఇదే పాఠం ఉన్న అచ్చు పుస్తకం పక్కన పెట్టుకోండి. అందులో ఒక వాక్యం చదివి, రాతప్రతి స్కాన్‌లో అదే వాక్యాన్ని వెతకండి. 'దిస్ క్రియేచర్' అన్న మాటతో మొదలుపెడితే సులువు, మార్జరీ తనను తాను అలాగే చెప్పుకుంటుంది కాబట్టి అది మాటిమాటికీ తగులుతూనే ఉంటుంది. 'దిస్'లో టి, హెచ్ కోసం చూడకండి, వాటి బదులు థార్న్ అనే ఒకే అక్షరం ఉంటుంది, అప్పటి చేతిరాతల్లో అది చాలాసార్లు అచ్చం వై లాగే ఉంటుంది. అప్పట్లో ఎస్‌ను పొడుగ్గా కూడా రాసేవారు, దాన్ని చూసి ఎఫ్ అనుకుంటారు, జూమ్ చేసి చూడండి, అడ్డగీత పూర్తిగా ఉంటే ఎఫ్, లేకపోతే ఎస్. ఎ, ఓ లాంటి అచ్చు అక్షరం (వవెల్) మీద చిన్న గీత కనిపిస్తే అక్కడ ఎమ్ గానీ ఎన్ గానీ మింగేశారన్నమాట, ఇంచుమించు మన సున్న చేసే పనే.

మార్జిన్‌లో ఎర్ర సిరా రాతలు లేఖకుడివి కావు, మౌంట్ గ్రేస్ మఠం సన్యాసులు చదువుతూ రాసుకున్నవి. నిజానికి నాకు అవే ఎక్కువ ఇష్టం, కానీ అసలు పాఠం కంటికి అలవాటయ్యాకే వాటి జోలికి వెళ్లండి.