పాత ఆడియో ఎడిటర్‌ను కొత్త విండోస్‌లో నడిపించడం ఎలా?

సింట్రిలియం కంపెనీ తయారుచేసిన కూల్ ఎడిట్ ప్రో అనే ఆడియో ఎడిటర్‌ను 2003లో అడోబీ కొనుక్కుని ఆడిషన్‌గా మార్చింది. ఇన్నేళ్లయినా ఆ కూల్ ఎడిట్‌నో, ఆడిషన్ 1.5నో, సౌండ్ ఫోర్జ్ పాత వెర్షన్‌నో వదలనివాళ్లు ఉన్నారు. షార్ట్‌కట్లు చేతికి అలవాటైపోయాక కొత్తదాంట్లో మెనూలు వెతుక్కోవడం విసుగే. తీరా విండోస్ 10కో 11కో మారగానే ఆ ప్రోగ్రామ్ ఎక్కదు, ఎక్కినా తెరుచుకోదు, తెరుచుకున్నా గొంతు వినిపించదు.

ఇలాంటప్పుడు చాలామంది కనబడిన సెట్టింగల్లా మార్చేస్తారు. దాంతో ఏది పనిచేసిందో, ఏది కొత్త తంటా తెచ్చిందో తెలియకుండా పోతుంది. ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి: ఇన్‌స్టాల్ దగ్గరా, తెరిచేటప్పుడా, శబ్దం దగ్గరా, ఫైల్ తెరిచేటప్పుడా? ఒక్కో చోటుకి ఒక్కో మందు. ఒకసారికి ఒక్క మార్పే చేసి పరీక్షించండి. మొదలుపెట్టే ముందు సెటప్ ఫైలు, సీరియల్ నంబరు, మీ ప్రీసెట్లు (మీరు దాచుకున్న ఎఫెక్ట్ సెట్టింగులు) వేరే చోట కాపీ చేసి ఉంచుకోండి.

1. ఇన్‌స్టాలే కాకపోతే

64-బిట్ విండోస్ 16-బిట్ అనే మరీ పాత రకం ప్రోగ్రాములను అస్సలు నడపదు. విండోస్ 11 వచ్చేదే 64-బిట్‌లో. తొంభైల నాటి సాఫ్ట్‌వేర్‌తో ఒక తమాషా ఉంది: ఎడిటర్ 32-బిట్టే అయినా, దాన్ని ఎక్కించే సెటప్ ఫైలు 16-బిట్ కావచ్చు. 'ఈ యాప్ మీ పీసీలో రన్ కాదు' అన్న సందేశం వస్తే ముందు దీన్నే అనుమానించండి. అదే కారణమైతే కంపాటిబిలిటీ (పాత విండోస్‌లా నడిపించే) సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. అదే ఎడిటర్‌కు తర్వాతి వెర్షన్ దొరుకుతుందేమో చూడండి, లేదా చివర చెప్పిన వర్చువల్ మెషీన్ (మీ కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేది) దారి పట్టండి.

ఇన్‌స్టాల్ అవుతుంటే, ఏ ఫోల్డర్‌లో పెట్టాలని అడిగినప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్‌కు ఒప్పుకోకండి. సి డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. ఎక్స్‌పీ కాలంలో ప్రోగ్రాములు తమ సెట్టింగులను తమ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌కు తాళం పడింది. పాత ప్రోగ్రామ్ అక్కడ రాయబోతే విండోస్ ఆ ఫైలును గుట్టుగా యూజర్ ఫోల్డర్ లోపలి వర్చువల్‌స్టోర్‌కు మళ్లిస్తుంది. మీరు ప్రీసెట్ ఫైలు ఒక చోట మారిస్తే, ప్రోగ్రామ్ ఇంకో చోటి నుంచి చదువుతుంటుంది. వేరే ఫోల్డర్‌లో పెడితే ఈ గొడవే ఉండదు.

2. తెరవగానే మూసుకుపోతే

ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కు వెళ్లండి. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకుని చూడండి. అక్షరాలు మసకగానో, బటన్లు చీమల్లానో కనిపిస్తుంటే అదే ట్యాబ్‌లో ఉన్న హై డీపీఐ సెట్టింగుల్లో 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' ప్రయత్నించండి. 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' టిక్ మాత్రం తప్పదనుకుంటేనే పెట్టండి. అది పెట్టాక ఫోల్డర్‌లోంచి ఫైలును మౌస్‌తో లాగి ఎడిటర్‌లో వదిలితే తీసుకోదు. విండోస్ భద్రతా నియమమే అంత. అది తెలియక ఎడిటరే పాడైందనుకుని టెన్షన్ పడతారు.

అయినా కూలిపోతుంటే ఊహలు మాని, విండోస్ ఎర్రర్లు రాసి ఉంచే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. స్టార్ట్ మెనూలో ఆ పేరు వెతికితే వస్తుంది. విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ నొక్కి, ఎడిటర్ మూసుకుపోయిన సమయానికి ఉన్న ఎర్ర గుర్తు చూడండి. ఈవెంట్ ఐడీ సాధారణంగా 1000 ఉంటుంది. అందులో 'ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్' అనే వరుస ఉంటుంది. అక్కడ ఏదైనా వీఎస్‌టీ ప్లగిన్ (ఎడిటర్‌కు అదనంగా తగిలించే ఎఫెక్ట్) పేరు కనిపిస్తే ఆ ఫైలును ప్లగిన్ల ఫోల్డర్ నుంచి బయటకు తీసి మళ్లీ తెరవండి. ప్లగిన్లు ఎక్కువగా వాడేవాళ్లయితే మొత్తం ఫోల్డర్ ఖాళీ చేసి, కొన్ని కొన్నిగా వెనక్కి పెట్టుకుంటూ రావడం తేలిక.

ఫలానా డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన సహాయక ఫైలు) లేదు అన్న ఎర్రర్ వస్తే ఆ ఒక్క ఫైలును ఏదో సైటు నుంచి దించుకోకండి. వైరస్‌ను ఇంట్లోకి పిలిచినట్టే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే విజువల్ సీ++ రన్‌టైమ్‌లలో ఆ ప్రోగ్రామ్‌కు సరిపడే వెర్షన్ వేయండి. మీ విండోస్ 64-బిట్ అయినా, ఎడిటర్ 32-బిట్ కాబట్టి రన్‌టైమ్ కూడా ఎక్స్86 (అంటే 32-బిట్) రకమే కావాలి. డాట్‌నెట్ 3.5 అడిగితే విండోస్ ఫీచర్స్ జాబితాలో టిక్ పెడితే సరిపోతుంది.

3. తెరుచుకుంది, శబ్దమే లేదు

మొదట ఎడిటర్‌లోని డివైస్ సెట్టింగులు చూడండి. పాత సెట్టింగుల ఫైలును వెంట తెచ్చుకుని ఉంటే, అది ఇప్పుడు లేని సౌండ్ కార్డ్ పేరు పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ మళ్లీ ఎంచుకోండి. విండోస్‌కు శబ్దం పంపే రెండు పద్ధతులు ఎంఎంఈ, డైరెక్ట్ సౌండ్. రెండూ ఉంటే రెండింటితోనూ చూడండి.

వినడం బాగానే ఉండి రికార్డింగే రాకపోతే మైక్ అనుమతి చూడాలి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ (విండోస్ 10లో ప్రైవసీ), అందులో మైక్రోఫోన్. పైనున్న యాప్‌ల జాబితాలో మీ ఎడిటర్ పేరు వెతక్కండి, పాత ప్రోగ్రాములు అక్కడ ఉండవు. కింద డెస్క్‌టాప్ యాప్‌లకు విడిగా ఒక స్విచ్ ఉంది. ఆన్ కావలసింది అదే.

ఇక శాంపిల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క. సౌండ్ సెట్టింగుల్లో 'మోర్ సౌండ్ సెట్టింగ్స్' (విండోస్ 10లో 'సౌండ్ కంట్రోల్ ప్యానెల్') నొక్కితే పాత కాలపు విండో వస్తుంది. రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్‌ను ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, ఎడిటర్‌లో 44,100 హెర్ట్జ్ ఉంటే ఇక్కడా అదే పెట్టండి. ప్లేబ్యాక్ డివైస్‌కూ అంతే. అక్కడే ఉన్న ఎక్స్‌క్లూజివ్ కంట్రోల్ టిక్ తీసేస్తే, వేరే యాప్ సౌండ్ కార్డ్‌ను గుప్పిట్లో పెట్టుకోవడం ఆగుతుంది.

4. తెలుగు పేరున్న ఫైలు తెరవకపోతే

ఇది మనకే వచ్చే చిక్కు, ఇంగ్లిష్ గైడ్లలో పెద్దగా కనిపించదు. పాత ఎడిటర్లలో చాలావాటికి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలనూ గుర్తించే పద్ధతి) తెలియదు. 'అమ్మ పాట' అని పేరు పెట్టిన వేవ్ ఫైలు వాటికి ప్రశ్న గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ప్రశ్న గుర్తు విండోస్‌లో ఫైలు పేరుకు పనికిరాని అక్షరం కాబట్టి, 'ఫైల్ దొరకలేదు' అంటుంది. విండోస్‌లో నాన్ యూనికోడ్ ప్రోగ్రాముల భాషను తెలుగుకు మార్చుకుందామన్నా కుదరదు, తెలుగుకు ఆ పాత పద్ధతి కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) విండోస్‌లో లేనే లేదు. పని జరుగుతున్నంతసేపు ఫైళ్లకు, ఫోల్డర్లకు ఇంగ్లిష్ అక్షరాల పేర్లు పెట్టండి.

విండోస్ యూజర్ పేరే తెలుగులో ఉంటే ఇంకో మెలిక. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ దారిలోనూ ఆ పేరు వచ్చి, ఫైలు తెరవగానే ఎర్రర్ ఇస్తుంది. ఎడిటర్ సెట్టింగుల్లో టెంప్ ఫోల్డర్‌ను సి డ్రైవ్‌లో ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్‌కు మార్చండి. పాత కంప్యూటర్‌లోని డి డ్రైవ్ దారి అలాగే మిగిలిపోయిందేమో కూడా అక్కడే తెలుస్తుంది.

చాలా పొడవైన రికార్డింగులను ముక్కలు చేసుకోండి. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు. కొన్ని పాత ఎడిటర్లు 2 జీబీ దగ్గరే చేతులెత్తేస్తాయి.

5. ఏదీ కుదరకపోతే

వర్చువల్‌బాక్స్ లాంటి దాంట్లో ఎక్స్‌పీ వేసి, ఎడిటర్‌ను అందులో పెట్టుకోవచ్చు. ఎక్స్‌పీ లైసెన్స్ మీ దగ్గర ఉండాలి. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే దానికి సపోర్ట్ ఆపేసింది కాబట్టి ఆ వర్చువల్ మెషీన్‌కు నెట్ కనెక్షన్ ఇవ్వకండి. ఫైళ్లు అటూ ఇటూ పంపడానికి షేర్డ్ ఫోల్డర్ చాలు. అందులో నేరుగా రికార్డ్ చేస్తే శబ్దం ఆలస్యంగా, తెగి తెగి రావచ్చు. అందుకని రికార్డింగ్ బయట కొత్త సాఫ్ట్‌వేర్‌తో చేసుకుని, ఎడిటింగ్‌కు మాత్రం ఆ వేవ్ ఫైలును లోపలికి తీసుకెళ్లండి.