స్టాండర్డ్ కాంట్రాక్టు ఫారం: ఎంచుకోవడం, నింపడం, వాడుకోవడం

నిర్మాణ పని ఎన్ని కోట్లదో చూసి కాంట్రాక్టు ఫారం (ముందే అచ్చువేసిన షరతుల పత్రం) ఎంచుకుంటే దెబ్బతింటారు. ముందు రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. డ్రాయింగులు ఎవరిస్తారు? బిల్లు కొలతల మీద కడతారా, గంపగుత్తగానా?

ఓనరు తరఫు ఇంజనీరు డ్రాయింగులు ఇచ్చి, చేసిన పనిని కొలిచి డబ్బిచ్చే పద్ధతికి ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) రెడ్ బుక్ సరిపోతుంది. కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) పనుల్లో ఒక్కో ఐటమ్‌కు విడిగా రేటు వేసే ఐటమ్ రేటు టెండరుకు సీపీడబ్ల్యూడీ-8 ఫారం, అంచనా మీద ఇంత శాతం ఎక్కువో తక్కువో కోట్ చేసే టెండరుకు సీపీడబ్ల్యూడీ-7 వాడతారు. నీటిశుద్ధి ప్లాంటు లాంటి పనిలో డిజైన్ కూడా కాంట్రాక్టరే చేస్తే ఫిడిక్ యెల్లో బుక్. డిజైన్ నుంచి నిర్మాణం దాకా అంతా కాంట్రాక్టరే గంపగుత్తగా చేసి అప్పగించే ఫిడిక్ సిల్వర్ బుక్‌లో తవ్వకంలో ఏం తగిలినా దాదాపు కాంట్రాక్టరు నెత్తినే పడుతుంది. సొంతంగా భూపరీక్ష చేయించుకునే వ్యవధి టెండరులో ఇవ్వనప్పుడు ఆ పుస్తకం పెట్టకూడదు. పెడితే తెలిసినవాళ్లు రేటు పెంచి వేస్తారు, తెలియనివాళ్లు మధ్యలో పని ఆపేస్తారు. ఆర్కిటెక్టు పర్యవేక్షించే ప్రైవేటు భవనాలకు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ షరతులు ఉన్నాయి. డ్రాయింగులు సగమే తయారై ఉంటే మాత్రం ఏ ఫారంలోనూ గంపగుత్తకు వెళ్లకండి. తర్వాత వచ్చే ప్రతి డ్రాయింగూ ఒక ఎక్స్‌ట్రా క్లెయిమే.

ఫారం ఖాయమయ్యాక అచ్చులో ఉన్న సాధారణ షరతులను కెలకవద్దు. మార్చాల్సింది ప్రత్యేక షరతుల్లో క్లాజు నంబరు వేసి రాయాలి. పాత టెండరు పేజీలను కొత్తదానికి అతికించే అలవాటే ఎక్కువ గొడవలు తెస్తుంది. ఫిడిక్ 1999 ఎడిషన్‌లో కాంట్రాక్టరు క్లెయిముల క్లాజు 20.1, వివరాలు ఇవ్వడానికి గడువు 42 రోజులు. 2017 ఎడిషన్‌లో అది 20.2, గడువు 84 రోజులు. పాత నంబర్లతో రాసిన ప్రత్యేక షరతులను కొత్త ఎడిషన్‌కు తగిలిస్తే ఏది వర్తిస్తుందో తేల్చుకోవడమే ఒక వివాదం అవుతుంది.

ఇక ఫారంలో నింపాల్సిన ఖాళీలు. సంతకానికి ముందు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. 1999 రెడ్ బుక్‌లో ధరల సవరణ క్లాజు 13.8 ఉంది కదా అని కాంట్రాక్టరు నిశ్చింతగా ఉంటాడు. కానీ కూలీ, స్టీలు, సిమెంటు వాటాలు చూపే పట్టిక జతచేయకపోతే ఆ క్లాజే వర్తించదని అందులోనే రాసి ఉంది. 14.2 కింద అడ్వాన్సు కూడా అంతే, టెండరు అనుబంధంలో మొత్తం రాయకపోతే అడ్వాన్సు లేనట్టే. సీపీడబ్ల్యూడీలో ఈ పని షెడ్యూల్ ఎఫ్ చేస్తుంది. ఏ క్లాజు వర్తిస్తుంది, గడువెంత, మైలురాళ్లేమిటి అన్నవి అక్కడ నింపాలి. వద్దనుకున్న చోట ‘వర్తించదు’ అని రాయండి, గీత గీసి వదలకండి.

ఆలస్యానికి రోజుకు ఎంత కోత అన్నది లెక్కవేసి చూడండి. రూ.10 కోట్ల పనికి రోజుకు 0.05 శాతం అంటే రూ.50 వేలు. పరిమితి 10 శాతమైతే 200 రోజులకు అది నిండిపోతుంది, ఆ తర్వాత ఓనరు చేతిలో ఈ కోత ఉండదు. భారత కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠమే. కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం.

కొలతల పద్ధతి కూడా పేరు పెట్టి రాయాలి. కొలతల భారత ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం ప్లాస్టరింగ్‌లో కిటికీ లాంటి 0.5 చదరపు మీటరు లోపు ఖాళీకి కోత లేదు, 0.5 నుంచి 3 వరకు ఒక వైపే కోత. ఇది రాయకపోతే ప్రతి కిటికీ దగ్గరా బిల్లు ఆగుతుంది. రేట్లలో జీఎస్టీ, 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు కలిసి ఉన్నాయో లేదో ఒక్క వాక్యంలో తేల్చండి.

పరిమాణం పెరిగితే రేటు దానంతట అదే మారుతుందనుకోవడం పొరపాటు. 1999 రెడ్ బుక్ 12.3లో రేటు మార్చడానికి మూడు పరీక్షలున్నాయి. రూ.20 కోట్ల కాంట్రాక్టులో 5,000 ఘనపు మీటర్ల ఐటమ్ రూ.1,000 రేటుతో ఉంది, 5,800 అయింది అనుకోండి. పెరుగుదల 16 శాతం, 10 దాటింది. తేడా విలువ రూ.8 లక్షలు, కాంట్రాక్టు మొత్తంలో 0.01 శాతమైన రూ.20 వేలను దాటింది. మూడోది, ఆ పెరుగుదల వల్లనే యూనిట్ ఖర్చు 1 శాతం కంటే ఎక్కువ మారిందని చూపాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, ఎందుకంటే టెండరు నాటి రేట్ అనాలిసిస్ (రేటు ఎలా వచ్చిందో చూపే లెక్క) దాచుకోరు. ఐటమ్‌కు ‘ఫిక్స్‌డ్ రేటు’ అని రాసి ఉంటే ఇవేవీ పనికిరావు.

పని మొదలయ్యాక ఫారం నడిచేది నోటీసుల మీద. ఫిడిక్‌లో సంగతి తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన, రోజు నుంచి 28 రోజుల్లో క్లెయిము నోటీసు ఇవ్వాలి. ఒక పేజీ చాలు: ఏం జరిగింది, ఏ తేదీన, ఏ క్లాజు కింద, గడువు కావాలా, డబ్బు కావాలా, రెండూనా. లెక్కలు తర్వాత పంపవచ్చు. కాంట్రాక్టులో రాసిన చిరునామాకే వెళ్లాలి. వాట్సాప్ మెసేజీ, మీటింగ్ మినిట్స్ నోటీసుగా నిలుస్తాయని నమ్మవద్దు. హక్కును గడువుతో హరించే షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 28 కింద చెల్లదని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడి నోటీసు మానేయడం తెలివితక్కువ.

సీపీడబ్ల్యూడీ షరతుల్లో గడువు పెంపు కోరడానికి 14 రోజులన్న నిబంధన చాలా ఎడిషన్లలో ఉంది. మీ ఎడిషన్‌లో చూసుకోండి. పనికి వచ్చిన అడ్డంకులు రాసే హిండ్రెన్స్ రిజిస్టర్‌లో ఎప్పటికప్పుడు రాయించి ఇరువైపులా సంతకాలు చేయించాలి. పని అయ్యాక ఒకే సిరాతో నింపిన రిజిస్టర్‌ను ఎవరూ నమ్మరు. గడువు పెంపు తీసుకునేటప్పుడు ‘ఓనరు వైపు ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు ఉంచుకుంటున్నాం’ అని అప్పుడే రాయండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 55 కింద ఆ నోటీసు లేకపోతే తర్వాత అడగడం కష్టం.

ఇంజనీరు నోటిమాటగా ‘ఆ గోడ కొట్టేయండి’ అంటే? 1999 రెడ్ బుక్ 3.3 ప్రకారం రెండు పనిదినాల్లో దాన్ని కాగితం మీద పెట్టి పంపండి. ఆయన రెండు పనిదినాల్లో కాదనకపోతే అదే రాతపూర్వక ఆదేశం.

చివరిగా వివాదాల క్లాజు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అసలు ఉందో లేదో ముందు చూడండి. ఆర్బిట్రేటర్‌ను ఒక పక్షమే ఒంటరిగా నియమించే పాత వాక్యాలు ఇంకా టెండర్లలో తిరుగుతున్నాయి. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో అలాంటి ఏకపక్ష నియామకం చెల్లదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది. ఆ వాక్యం కనిపిస్తే టెండరు వేయడానికి ముందు జరిగే ప్రీ-బిడ్ మీటింగ్‌లోనే రాతపూర్వకంగా అడగండి. ‘ఆర్బిట్రేషన్ హైదరాబాద్‌లో’ అన్నంతటితో వదలకుండా సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన స్థానం) హైదరాబాద్ అని రాయించుకోండి. ఏ కోర్టుకు వెళ్లాలన్నది దాని మీదే ఆధారపడుతుంది.