మెట్టచేనుకు పని గాయరాన్ దగ్గరే మొదలు

మహారాష్ట్రలోని కిన్వట్, మాహూర్, జివతి, రాజురా, పాంఢర్‌కవడా తాలూకాల్లో వాన తక్కువేమీ కాదు. మామూలు సాల్లో (ఏడాదిలో) 900 మిల్లీమీటర్ల దాకా, చంద్రపూర్ వైపు 1,000కి పైగా పడుతుంది. అదంతా నాలుగు నెలల్లో, అందులోనూ కొన్ని పెద్ద వానల్లో పడిపోవడమే తంటా. పైన గాయరాన్ (ఊరుమ్మడి మేతబీడు) బోడిగా ఉంటే నీళ్లు అక్కడ నిలవవు. మొర్రాన్ని ఈడ్చుకుంటూ కింది రేగడి చేలోకి దిగి, గట్టు తెంపి, పైమట్టితో సహా వాగులో కలుస్తాయి. దసరా దాటేసరికి అదే చేను నెర్రెలు విచ్చుతుంది, కంది పూతకు తడి చాలదు. చేను బాగుపడాలంటే ముందు దాని పైనున్న మేతబీడు మీద చెయ్యి వేయాలి. పైనుంచి వచ్చే నీటి వేగం తగ్గకుండా కింద ఎన్ని గట్లు పోసినా ఆగవు.

మృగశిర నుంచి ఆరు వారాలు బీడు మూయాలి

అన్నింటికంటే చౌక పని ఇది, అన్నింటికంటే కష్టమైనదీ ఇదే. గడ్డి దుబ్బు తొలకరికి చిగురు వేసేది వేళ్లలో దాచుకున్న బలంతో. నాలుగైదు ఆకులు విచ్చి, ఎండ తగిలి, ఆ ఖర్చు తిరిగి వేళ్లకు చేరేదాకా దానికి ఆదాయం లేదు. ఎండాకాలమంతా ఆకలిగొన్న పశువులను మొదటి పచ్చదనానికే తోలితే దుబ్బు అప్పులో పడుతుంది, వేరు కురచబడుతుంది. రెండు మూడేళ్లు ఇలాగే జరిగితే మంచి మేతగడ్డి పోయి కుసళి గడ్డి, తరోటా, వయ్యారిభామ మిగులుతాయి. కుసళి ముదిరాక దాని గింజల ముళ్లు పశువు నోట్లో, గొర్రె ఉన్నిలో గుచ్చుకుంటాయి. లేతగా ఉన్నప్పుడు కోసి వేయడం తప్ప అది మేతకు పనికిరాదు.

మూయమని చెప్పడం తేలిక. ఆ ఆరు వారాలు, అటూఇటుగా 45 రోజులు, పశువు ఏం తినాలి? దీనికి జవాబు లేకుండా పెట్టిన చరాయీబందీ (మేపడం మీద నిషేధం) వారం కూడా నిలవదు. ఒక ఎద్దుకు రోజుకు 8 కిలోల ఎండుమేత అనుకుంటే, జతకు 45 రోజులకు 720 కిలోలు కావాలి. ఉగాదికే 8 క్వింటాళ్ల జొన్నచొప్ప పక్కన పెట్టి, ‘ఇది మృగశిరకు’ అని ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి. వామి కింద రాళ్లు లేదా కట్టెలు పరవాలి, నేల మీద పేరిస్తే అడుగు వరస బూజు పడుతుంది. చొప్పను కడ్డీలుగా వేస్తే పశువు ఆకు తిని మొదలు తొక్కేస్తుంది. చాఫ్‌కట్టర్‌లో రెండు వేళ్ల మందాన ముక్కలు చేసి వేస్తే ఆ నష్టం చాలా వరకు ఆగుతుంది. సోయా పొట్టును కల్లంలో తగలబెట్టకుండా దాస్తే చొప్పలో కలిపి వేయొచ్చు.

ఆరు వారాల తర్వాత బీడును నాలుగు తునకలు చేయాలి. కంచె అక్కర్లేదు, సున్నం పూసిన రాళ్లు చాలు, కాపరికి తెలిస్తే సరి. గడ్డి జానెడు పెరిగాక పశువులను వదలాలి, బెత్తెడు మిగలగానే పక్క తునకకు తోలాలి. ప్రతి సాలూ ఒక తునకను గింజ రాలేదాకా పూర్తిగా వదిలేస్తే నాలుగేళ్లకు బీడంతా తనంతట తానే విత్తుకుంటుంది. పశువుల సంఖ్య గురించే అందరూ వాదిస్తారు గానీ, ఏ సమయానికి వదిలారు, ఏ సమయానికి తీశారు అన్నదే బీడు బతుకును ఎక్కువగా తేలుస్తుంది.

గాయరాన్ ఊరుమ్మడిది కాబట్టి ఒక్కరు తలచుకుంటే కాదు. గ్రామసభలో ఠరావు (తీర్మానం) చేసి, ఏ తునక ఏ నెలలో మూత అన్నది పంచాయతీ గోడ మీద రాయించాలి. భూమి లేని మేకల వాళ్లను ఆ సభకు పిలవకపోతే ఠరావు కాగితం మీదే ఉంటుంది. మూసిన తునకలో కొడవలితో కోసుకెళ్లే హక్కు ముందు వాళ్లకే ఇవ్వాలి. అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) జిల్లా హివరే బజార్‌లో పశువుల్ని వదలడం ఆపి, గడ్డి కోసుకునే పద్ధతి పెట్టాకే గుట్టలు పచ్చబడ్డాయి.

కందకాలు, స్టైలో

మొర్రం గుట్ట మీద సమతల కందకాలు (వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో సాగే గుంతలు) మే నెలలో తవ్వాలి. మట్టం చూడటానికి ఏ-చట్రం చాలు: రెండు మీటర్ల కర్రలు రెండు, నడుమ అడ్డకర్ర, కొన నుంచి దారానికి కట్టిన రాయి. చట్రం కాళ్లను రెండు చోట్ల ఆనించి దారం అడ్డకర్రకు తగిలే చోట గీత పెట్టాలి. కాళ్లు తారుమారు చేసి మళ్లీ ఆనించి రెండో గీత పెట్టాలి. రెండింటి నట్టనడుమే మట్టం గుర్తు. గాలి వీచేటప్పుడు దారం ఊగుతుంది, అప్పుడు తీసిన వరస వంకరపోతుంది.

కందకం 3 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు ఉంటే ఒక్కోటి సుమారు 800 లీటర్లు పట్టుకుంటుంది. తవ్విన మట్టిని అంచు నుంచి జానెడు వదిలి కింది వైపు పోయాలి, అంచునే పోస్తే మొదటి వానకే తిరిగి కందకంలో పడుతుంది. వాలు తక్కువున్న చోట 10 మీటర్లకొక వరస, ఎక్కువున్న చోట 5–6 మీటర్లకొకటి. పై వరసలో ఖాళీ ఉన్న చోటికి ఎదురుగా కింది వరసలో కందకం రావాలి. యంత్రం పెట్టి ఏకధాటిగా పొడుగాటి కాలువ తవ్వించడం చూస్తుంటాం. మట్టం నాలుగు వేళ్లు తేడా వచ్చినా నీళ్లన్నీ ఒక కొసకు చేరి అక్కడే తెగుతుంది, పాత కోతకు కొత్త కోత తోడవుతుంది. తవ్వే పనిని రోజ్‌గార్ హమీ (ఉపాధి హామీ పథకం) కింద పెట్టించుకోవచ్చు.

పోసిన మట్టి మీద స్టైలో హమాటా (పప్పుజాతి మేతమొక్క) గింజ చల్లాలి. గింజ పెంకు గట్టిది. మరిగిన నీళ్లు దించి, కొంచెం చల్లారి 80 డిగ్రీలకు వచ్చాక 3–4 నిమిషాలు ముంచి తీసి, రాత్రంతా చల్లని నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. మరుగుతున్న నీళ్లలోనే వదిలేస్తే గింజ ఉడుకుతుంది. ఎకరానికి 2 కిలోలు, నాలుగింతల ఇసుకలో కలిపి చల్లి, ముళ్లకంప ఈడిస్తే చాలు. సెంటీమీటరు కంటే లోతు పోతే మొలవదు. మొదటి ఏడాది మొక్క చిన్నగానే ఉంటుంది, నిరాశపడి పశువుల్ని వదలొద్దు. నీళ్లు నిలిచే రేగడిలో ఇది రాదు, అక్కడ వేయడం విత్తనం దండగ.

రేగడి చేలో గట్టు కాదు, ఎత్తుమడి

లోతైన నల్లరేగడిలో అడ్డగట్టు పోయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. ఎండాకాలం గట్టు కూడా నెర్రెలిస్తుంది, తొలి పెద్ద వాన ఆ నెర్రెలోంచి దారి చేసుకుని గట్టును కొట్టుకుపోతుంది. తెగకపోయినా వెనక నీళ్లు నిలిచి సోయా పసుపెక్కుతుంది. ఇక్కడ కావలసింది నీటిని బంధించడం కాదు, మెల్లగా నడిపించడం. మీటరు నుంచి మీటరున్నర వెడల్పు ఎత్తుమడి, దాని పక్కన అర మీటరు వెడల్పు, జానెడు లోతు కాలువ ఏర్పరచాలి. కాలువ 100 మీటర్లలో 40 నుంచి 80 సెం.మీ. మాత్రమే పల్లం దిగాలి. అంతకంటే ఎక్కువైతే కాలువే కోతకు గురవుతుంది, తక్కువైతే నీళ్లు నిలుస్తాయి. బీబీఎఫ్ (ఎత్తుమడి, కాలువ తీసే) యంత్రం ఉంటే మడి, విత్తు ఒకేసారి అయిపోతాయి. 75–100 మి.మీ. వాన పడ్డాకే సోయా విత్తాలి. నాలుగు సాళ్ల సోయాకు రెండు సాళ్ల కంది పెడితే, సోయా కోశాక కూడా నేల మీద నీడ ఉంటుంది, కంది ఆకు రాలి మట్టిలో కలుస్తుంది.

పత్తి చేలో యంత్రం అక్కర్లేదు. విత్తిన 30–45 రోజులకు డౌరా (సాళ్ల మధ్య తోలే చిన్న గుంటక) పళ్లకు తాడు చుట్టి తోలితే సాళ్ల మధ్య కాలువ పడుతుంది. వాలుకు అడ్డంగా తోలాలి. ఎడ్లకు తేలికని నిలువునా తోలితే అదే వాగు అవుతుంది.

కాలువల నీళ్లు దిగే చోట గరిక నాటి, రాళ్లతో మత్తడి పేర్చాలి. దాని నడినెత్తి పక్క గట్ల కంటే అడుగు కిందికి ఉండాలి, లేదంటే నీళ్లు రాళ్ల పక్కనుంచి తవ్వుకుంటాయి. చేను తడిసి డెక్క దిగబడే రోజుల్లో పశువును రేగడిలోకి రానివ్వొద్దు. డెక్క నొక్కిన చోట నేల ఇటుకలా గట్టిపడి వేరును దిగనివ్వదు.

పంట అయ్యాక మంద

పత్తి ఆఖరి ఏరుడు కాగానే గొర్రెల్ని వదలడం రెండు విధాల లాభం. మిగిలిన ఆకు, పచ్చికాయలు తింటాయి, కాయల్లో దాగిన గులాబీరంగు పురుగూ వాటితోనే పోతుంది. ఆఖరి మందు కొట్టి మూడు వారాలు దాటనిదే మాత్రం వదలకూడదు. తర్వాత కట్టెను పీకి ముక్కలు చేసి నేలలో కలపాలి. చేను గట్టున కుప్ప వేస్తే పురుగు అక్కడే వచ్చే పంటకు ఎదురుచూస్తుంది.

ధనగర్లు, కురుమల మందలు దిగే కాలంలో వాళ్లతో ముందే మాట్లాడుకుని, ఎరువు కోసం రాత్రిపూట చేలో మంద కట్టించుకోవాలి. గొర్రెకు ఒక చదరపు మీటరు లెక్కన 200 గొర్రెలు రాత్రికి 2 గుంటలు నింపుతాయి, ఎకరానికి 20 రాత్రులు. మంద చుట్టూ కట్టే వల రోజూ జరపాలి, ఒకేచోట ఉంచితే అక్కడ పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, మిగతా చేను ఆకలితో ఉంటుంది. తెల్లారి మంద లేవగానే వఖర్ (గుంటక) తోలి ఎరువును మట్టిలో కలిపేయాలి. ముక్కుకు తగిలే ఆ ఘాటు గాలిలోకి పోతున్న నత్రజనిదే.

జొన్న విషయంలో ఒక హెచ్చరిక. మోకాలి ఎత్తు లోపు లేత జొన్న, వాన లేక వాడిన జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకలు, వీటిలో నాము ఉంటుంది. అది సైనైడ్. తిన్న కాసేపటికే పశువు రొప్పి, వణికి పడిపోతుంది. నాటువైద్యంతో పొద్దు పుచ్చకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి, సోడియం థయోసల్ఫేట్ సూది సమయానికి పడితే బతుకుతుంది.

అక్టోబరు లెక్క

వానలు ఆగాక బీట్లో ఐదు చోట్ల చదరపు మీటరు కొలిచి గడ్డిని మొదలంటా కోసి, నాలుగు రోజులు ఎండబెట్టి తూచాలి. సగటున 150 గ్రాములు వస్తే ఎకరానికి 600 కిలోలు. అందులో సగమే పశువుది, సగం నేలది. అంటే 20 ఎకరాల బీడులో తినదగింది 6,000 కిలోలు. రోజుకు 7 కిలోలు తినే ఆవులు 10 ఉంటే 85 రోజుల మేత, అంటే సంక్రాంతి దాకా. ఆపైన చొప్ప, పొట్టు ఎంతున్నాయో చూసి, మృగశిరకు పక్కన పెట్టాల్సిన వాటా తీసేసి, మిగిలినది చాలకపోతే ఒకటి రెండు ఒట్టిపోయిన పశువుల్ని దీపావళి సంతలకే అమ్మేయాలి. అప్పుడు వాటి ఒంట్లో కండ ఉంటుంది, ధర వస్తుంది. ఏప్రిల్లో అమ్మితే అటు ధర ఉండదు, ఇటు అవి తినేసిన గడ్డీ ఉండదు.