ఇంటి వద్దే కారు ఆయిల్ మార్పు, మూడవ పాఠం: కారు కిందికి దూరకుండా పని ముగించే మార్గాలు

మొదటి పాఠంలో ఇంజిన్ ఆయిల్ ఎందుకు పాతబడుతుందో, రెండవ పాఠంలో డబ్బా మీద ఉండే 5డబ్ల్యూ-30 వంటి గుర్తులను ఎలా చదవాలో తెలుసుకున్నాము. మీ కారుకు తగిన ఆయిల్, ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు తల కింద వేసే కొత్త వాషర్ (బిళ్ల) ఇప్పటికే మీ దగ్గర ఉన్నాయనుకుని ఈ పాఠాన్ని ప్రారంభిస్తున్నాను.

ఈ పనిని సొంతంగా చేయడానికి వెనుకాడేవారిలో చాలామందికి అసలు అడ్డంకి కారు కింద పడుకోవలసి రావడమే. ఆయిల్ నిలువ ఉండే సంపు ఇంజిన్‌కు అట్టడుగున ఉంటుంది, దాన్ని ఖాళీ చేసే డ్రెయిన్ బోల్టు ఆ సంపుకు కూడా అడుగున ఉంటుంది, కొన్ని కార్లలో దాని కింద మళ్లీ ఒక ప్లాస్టిక్ కవచం అడ్డుగా ఉంటుంది. కారును జాకీతో ఎత్తడం, స్టాండ్ల మీద నిలపడం, కవచం విప్పడం, మోచేతి వరకు కారే వేడి ఆయిల్‌ను తప్పించుకోవడం, వీటన్నిటికీ పట్టే సమయంతో పోలిస్తే ఆయిల్ మార్చడానికి పట్టే సమయం చాలా తక్కువ. కాబట్టి సులువైన పద్ధతి కోసం వెదకడమంటే, కారు కింద గడిపే సమయాన్ని ఎంతవరకు తగ్గించగలమో చూడటమే.

ఏ పద్ధతి మీకు సరిపడుతుందో ఇంజిన్‌లో ఫిల్టర్ ఉన్న చోటును బట్టి తేలుతుంది. బానెట్ ఎత్తి చూడండి. ఇంజిన్ పైభాగాన, పానా పట్టడానికి వీలుగా ఆరు పలకల తల ఉన్న నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తే, దాని లోపల కాగితపు ఫిల్టర్ ఉంటుంది. అటువంటి కారుకు మొత్తం పనిని నిలబడే చేసుకోవచ్చు. ఫిల్టర్ రేకు డబ్బా ఆకారంలో ఉండి ఇంజిన్ కింది భాగానికి బిగించి ఉంటే మాత్రం ఆయిల్‌ను పైనుంచి లాగినా ఫిల్టర్ కోసం కిందికి దూరక తప్పదు. అటువంటప్పుడు పైనుంచి లాగే పంపు కొనడం వల్ల మీకు దక్కే సుఖం సగమే.

పైనుంచి లాగడం

ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌ను తీసేస్తే మిగిలే గొట్టం చాలా ఇంజిన్లలో నేరుగా సంపులోకి దిగుతుంది. ఆ దారిలోనే ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని దించి, చేతితో కొట్టే పంపు ఉన్న డబ్బాలోకి ఆయిల్‌ను పీల్చుకోవడం ఈ పద్ధతి. పంపు పిడిని పదిపదిహేను సార్లు కొడితే డబ్బాలోని గాలి పలచబడుతుంది; ఆ తరువాత ఆయిల్ దానంతట అదే ఎక్కుతుంది, మధ్యమధ్య మరికొన్ని సార్లు కొడితే చాలు.

చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి సన్నని గొట్టంలో ఎక్కదు. కాబట్టి ఇంజిన్‌ను 5 నుంచి 10 నిమిషాలు నడిపి, ఆపి, మరో పది నిమిషాలు ఆగండి. దూర ప్రయాణం నుంచి వచ్చిన వెంటనే ఈ పనికి పూనుకోవద్దు, ఎందుకంటే అప్పటి ఆయిల్ వేడి 90 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా ఉంటుంది, అది చేతిని బొబ్బలెక్కించడమే కాక పలుచని గొట్టాన్ని మెత్తబరుస్తుంది కూడా. ఇంజిన్ పైభాగం మీద చేయి ఆన్చి సుఖంగా ఉంచగలిగేంత వెచ్చదనం చాలు.

గొట్టం దించే ముందు దాన్ని డిప్‌స్టిక్ పక్కన పెట్టి, డిప్‌స్టిక్ పొడవు ఎక్కడికి వస్తుందో అక్కడ గొట్టానికి చిన్న టేపు ముక్క చుట్టండి. గొట్టం కొన సంపు అడుగుకు తగిలే సమయానికి ఆ టేపు సాధారణంగా డిప్‌స్టిక్ రంధ్రంలోకి కాస్త దిగి ఉంటుంది. అడుగు తగిలిన తరువాత కూడా తోస్తూ పోతే గొట్టం లోపల వంకర తిరిగి, దాని కొన ఆయిల్ పైకి తేలుతుంది. అప్పుడు సగం ఆయిల్ మిగిలి ఉండగానే పంపు గాలిని పీల్చడం మొదలుపెడుతుంది. కొత్తగా చేసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఫిల్టర్ మూత పైన ఉన్న ఇంజిన్లలో, ఆయిల్ లాగడానికి ముందే ఆ మూతను కొన్ని చుట్లు వదులు చేయండి. చాలా ఇంజిన్లలో మూత వదులు కాగానే ఫిల్టర్ గదిలోని ఆయిల్ సంపులోకి దిగిపోతుంది, దాన్ని కూడా ఒకేసారి లాగేయవచ్చు. ఫిల్టర్ తీసేటప్పుడు ఇంజిన్ మీద ఆయిల్ ఒలకడం కూడా తగ్గుతుంది.

గొట్టం పారదర్శకంగా ఉంటే, నల్లటి ధార తెగకుండా ఎక్కడం మీకు కనిపిస్తుంది. కొంతసేపటికి ధారలో బుడగలు వస్తాయి, గురగురమని శబ్దం వినిపిస్తుంది. అక్కడితో పని అయిపోయిందని గొట్టం తీసేయకండి. గొట్టాన్ని వేళ్ల మధ్య కొద్దిగా తిప్పుతూ, ఒక సెంటీమీటరు పైకి లాగి మళ్లీ దించుతూ ఉంటే, బుడగలు మాయమై ధార మళ్లీ నల్లగా నిండే చోటు ఒకటి దొరుకుతుంది. సంపులో అన్నిటికన్నా లోతైన చోటు అదే. అక్కడ పట్టుకుని ఉంచితే మరో పావు లీటరు రావడం అరుదు కాదు.

ఎంత వచ్చిందో కొలవడం ఈ పద్ధతిలో తప్పనిసరి. యజమాని పుస్తకంలో ఫిల్టర్‌తో సహా 4 లీటర్లు అని ఉందనుకుందాం. పని మొదలుపెట్టే ముందు డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దగ్గరే ఉంటే, డబ్బాలోకి సుమారు మూడున్నర లీటర్లకు పైగా రావాలి. మిగిలినది ఫిల్టర్‌లోను, ఇంజిన్ సందులలోను ఉంటుంది. మట్టం రెండు గీతలకు మధ్యన ఉంటే ఆ మేరకు తగ్గించి లెక్కించండి. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా ఒక లీటరుకు దగ్గరగా ఉంటుంది. రెండున్నర లీటర్లే వచ్చి ఆగిపోయిందంటే గొట్టం సరైన చోటికి చేరలేదని అర్థం.

ఇలా లాగితే అడుగున మడ్డి మిగిలిపోతుందని అభ్యంతరపెట్టేవారు ఉన్నారు. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆధునిక ఆయిల్‌లో కలిపే రసాయనాలు మసిని, మురికిని అడుగున పేరుకోనివ్వకుండా ఆయిల్‌లోనే తేలియాడిస్తాయి, వెచ్చగా ఉన్నప్పుడు లాగితే ఆ మురికి ఆయిల్‌తోపాటే బయటికి వస్తుంది. క్రమం తప్పకుండా ఆయిల్ మార్చిన కారుకు ఈ పద్ధతిని నేను సందేహించకుండా వాడతాను. ఎన్నేళ్లుగా ఆయిల్ మార్చారో తెలియని పాత కారు చేతికి వస్తే మాత్రం మొదటిసారి అడుగు బోల్టు విప్పే తీస్తాను. మీకు ఇంకా అనుమానంగా ఉంటే, ఒక్కసారి పంపుతో లాగిన తరువాత అడుగు బోల్టు కూడా విప్పి చూడండి. వచ్చినది టీకప్పులో సగం దాటకపోతే, ఆ ఇంజిన్ విషయంలో ఇక ముందు పంపును నమ్మవచ్చు.

కొన్ని ఇంజిన్లలో డిప్‌స్టిక్ గొట్టం సంపు అడుగు దాకా దిగదు, మరికొన్నిటిలో డిప్‌స్టిక్ అసలు ఉండదు, ఆయిల్ మట్టాన్ని సెన్సరే చెబుతుంది. వాటికి ఈ దారి పనికిరాదు.

ర్యాంపులు, అడుగు బోల్టు

కిందికి వెళ్లక తప్పని కార్లకు జాకీ, స్టాండ్ల కన్నా ర్యాంపుల జత మేలు. ముందు చక్రాలను వాటి మీదికి నెమ్మదిగా ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాలి. నున్నటి నేల మీద ర్యాంపు ముందుకు జారుతుంది కాబట్టి దాని కింద రబ్బరు చాప పరచండి. జాకీ మీద మాత్రమే నిలిపి ఉన్న కారు కిందికి ఎన్నడూ, ఒక్క నిమిషం కోసమైనా, తల పెట్టవద్దు.

కింద వెల్లకిలా పడుకుని బోల్టు వైపు చూసేటప్పుడు ఎటు తిప్పాలన్న తికమక అందరికీ కలుగుతుంది. బోల్టు తలను ఎదురుగా చూస్తూ గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిప్పితే వదులవుతుంది. పానాతో బిగువు వదలగానే పానా పక్కన పెట్టి, మిగతాది వేళ్లతో తిప్పండి, తిప్పుతున్నంతసేపూ బోల్టును పైకి, రంధ్రంలోకి నొక్కుతూ ఉండండి. ఆఖరి మర వదలడం వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు చటుక్కున పక్కకు లాగేస్తే చేయి దాదాపు పొడిగానే బయటపడుతుంది. సంపు నిండుగా ఉన్నప్పుడు ధార విల్లులా దూరంగా పడుతుంది, ఖాళీ అవుతున్నకొద్దీ రంధ్రం దగ్గరికి జరుగుతుంది. అందుకే వెడల్పాటి పళ్లేన్ని ముందుగా జానెడు దూరం జరిపి పెట్టుకోవాలి, ధార వంగడం తగ్గినప్పుడు దగ్గరికి లాగాలి. పైన ఆయిల్ పోసే మూతను తీసి ఉంచితే గాలి ఆడి ధార సాఫీగా వస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్ వేసి, మొదటి మూడు నాలుగు మరలను వేళ్లతోనే ఎక్కించండి. వేళ్లతో ఎక్కకపోతే బోల్టు వంకరగా కూర్చున్నదని అర్థం, పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం సంపులోని మరలు తెగిపోతాయి. ఎంత బిగువు ఇవ్వాలో పుస్తకంలో ఉంటుంది. చాలా చిన్న కార్లకు ఇది 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఎంత బిగువు ఇస్తున్నామో కొలిచి చూపే పానా అయిన టార్క్ రెంచ్ ఒకటి ఉంచుకుంటే ఈ ఊహాగానం తప్పుతుంది.

రేకు డబ్బా ఫిల్టర్ గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి పాత ఫిల్టర్ విప్పి, కొత్తది బిగించి, ఆయిల్ పోసి ఇంజిన్ స్టార్ట్ చేశాను. పది సెకన్లలో నేల మీద నల్లటి మడుగు తయారైంది. పాత ఫిల్టర్‌కు ఉండవలసిన రబ్బరు రింగు దానితో ఊడిరాకుండా ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది, నేను దాని మీదే కొత్త రింగును బిగించాను. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఉంటే ఆయిల్ ఒత్తిడికి పక్కకు జారిపోతాయి. నాలుగు లీటర్ల కొత్త ఆయిల్‌లో చాలా భాగం అలా నేలపాలైంది. అప్పటినుంచి పాత ఫిల్టర్‌ను తిప్పి దాని అంచున రింగు ఉన్నదో లేదో చూసిన తరువాతే కొత్తది చేతిలోకి తీసుకుంటున్నాను. కొత్త రింగుకు వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి, అది ఇంజిన్‌కు తాకిన తరువాత చేత్తో మరో ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా చాలు. సరైన కొలత ఫిల్టర్ మీదనే ముద్రించి ఉంటుంది.

డ్రెయిన్ బోల్టు స్థానంలో చిన్న మీట గల వాల్వును శాశ్వతంగా బిగించుకోవడం మరొక మార్గం. మీట తిప్పగానే ఆయిల్ దిగుతుంది, గొట్టం తగిలిస్తే నేరుగా డబ్బాలోకే వెళుతుంది, పానా గాని వాషర్ గాని మళ్లీ అక్కర్లేదు. అయితే అది బోల్టు కన్నా కిందికి వేలాడుతుంది. ఎగుడుదిగుడు దారులలో తిరిగే, నేలకు తక్కువ ఎత్తులో ఉండే కారుకు దీన్ని నేను సిఫారసు చేయను.

పోయడం, సరిచూడటం

పుస్తకంలో చెప్పిన కొలతలో ముప్పావు వంతు గరాటుతో పోసి, కొద్ది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూస్తూ మిగిలినది చేర్చండి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ ఒత్తిడి ఎర్రదీపం కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఒక నిమిషం నడిపి, ఆపి, ఫిల్టర్ చుట్టూ, బోల్టు చుట్టూ తడి ఉన్నదేమో చూడండి. అయిదు నిమిషాల తరువాత, సమతలమైన నేల మీద, మట్టం మళ్లీ చూడండి, ఎందుకంటే కొత్త ఫిల్టర్ కొంత ఆయిల్‌ను తనలోకి తీసుకుని ఉంటుంది. ర్యాంపుల మీద ఉండగా చూసిన మట్టం లెక్కలోకి రాదు. పై గీత దాటి పోస్తే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు అయిన క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, ఆ ఇరుసును మోసే బేరింగులను కాపాడే శక్తి నురుగుకు ఉండదు. ఎక్కువైనది తీయడానికి కూడా పైనుంచి లాగే పంపే అక్కరకు వస్తుంది.

వాడిన ఆయిల్ చర్మానికి హానికరం, కాబట్టి మొదటినుంచి చివరివరకు నైట్రైల్ (ఆయిల్‌ను తట్టుకునే కృత్రిమ రబ్బరు) చేతి తొడుగులు వేసుకోండి. దాన్ని ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాలోనే పోసి మూత బిగించి, వాడిన ఆయిల్ సేకరించే చోట అప్పగించండి. ఒక్క కారు నుంచి ఒకసారి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంది. ఆ డబ్బాలో కూలెంట్ గాని పెట్రోలు గాని కలపవద్దు. కలిస్తే శుద్ధి చేసి తిరిగి వాడటానికి ఆ ఆయిల్ పనికిరాకుండా పోతుంది.

వచ్చే పాఠంలో, తీసిన ఆయిల్ రంగును, వాసనను బట్టి ఇంజిన్ ఆరోగ్యాన్ని అంచనా వేయడం నేర్చుకుంటాము. అప్పటికి మీరు చేయవలసిన అభ్యాసం ఇది: బానెట్ ఎత్తి ఫిల్టర్ ఉన్న చోటు గుర్తించండి, డిప్‌స్టిక్ పొడవు కొలవండి, ప్రస్తుత మట్టాన్ని, తేదీని, కారు తిరిగిన కిలోమీటర్లను ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఈసారి తీసిన ఆయిల్‌ను పారదర్శకమైన చిన్న సీసాలో కొంచెం పోసి, మూత పెట్టి, పిల్లలకు అందని చోట దాచండి. వచ్చే పాఠానికి అది కావాలి.