బీటానా, స్టేబులా: ఫోన్ అప్‌డేట్లతో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కొత్త ఆండ్రాయిడ్‌నో, ఐఓఎస్‌నో అందరికంటే ముందు పొందే మార్గం బీటా. పరీక్షలన్నీ పూర్తయ్యాక అందరికీ ఇచ్చేది స్టేబుల్. బీటాలో చేరడం క్షణాల పని, కానీ మధ్యలో బయటికి రావాలంటే ఫోన్‌లోని సమాచారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలన్న నిర్ణయం ప్రధానంగా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడాలి. కింది సమస్యలు చాలావరకు దీన్ని ముందుగా తెలుసుకోకపోవడం వల్ల వచ్చేవే.

సమస్య: అప్‌డేట్ చేశాక బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు, లేదా తెరుచుకున్న వెంటనే మూసుకుపోతోంది.

బ్యాంకు యాప్‌లు, కొన్ని ప్రభుత్వ యాప్‌లు ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ నమ్మదగినదా కాదా అని ముందు పరిశీలించుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో ఈ పనికి ప్లే ఇంటెగ్రిటీ అనే వ్యవస్థ ఉంది. బీటా వెర్షన్ ఆ పరిశీలనలో నెగ్గినా, యాప్ తయారుచేసినవారు ఆ కొత్త వెర్షన్ మీద తమ యాప్‌ను ఇంకా పరీక్షించి ఉండకపోవచ్చు. మన ప్రాంతంలో ఇది చిన్న ఇబ్బంది కాదు. 2025లో భారత పత్తి సంస్థ (సీసీఐ), రైతుల పత్తి అమ్మకానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్న పద్ధతి తెచ్చింది. నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్‌లో యాప్ తెరుచుకోకపోయినా, ఓటీపీ అందకపోయినా, బండి మీద ఎత్తిన పత్తి అక్కడే ఆగిపోతుంది. అందుకే డబ్బు, ఓటీపీ, పంట అమ్మకం ఏ ఫోన్ మీద ఆధారపడి ఉన్నాయో ఆ ఫోన్‌ను స్టేబుల్‌లోనే ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం.

పరిష్కారానికి ముందు ఫోన్ నిజంగా బీటాలో ఉందో లేదో తేల్చుకోవాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి ఐఓఎస్ వెర్షన్ మీద నొక్కితే బిల్డ్ నంబర్ కనిపిస్తుంది. అది ఇంగ్లిష్ చిన్న అక్షరంతో ముగిస్తే సాధారణంగా బీటా అని అర్థం. పిక్సెల్ ఫోన్ అయితే గూగుల్ వారి ఆండ్రాయిడ్ బీటా పేజీలో, శాంసంగ్ అయితే శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో నమోదు వివరం తెలుస్తుంది. బీటాలో ఉన్నట్టు తేలితే ముందు ప్లే స్టోర్ నుంచి ఆ యాప్‌ను అప్‌డేట్ చేసి చూడాలి, ఆ తర్వాత వచ్చే బీటాను వేసి చూడాలి. రెండింటితోనూ కుదరకపోతే బయటికి రావడం గురించి ఆలోచించాలి. ఆ పద్ధతి కింద వివరంగా ఉంది.

సమస్య: ఫోన్ వేడెక్కుతోంది, ఛార్జింగ్ త్వరగా దిగిపోతోంది.

పెద్ద అప్‌డేట్ ఏదైనా సరే, స్టేబుల్ అయినా సరే, వేసిన తొలి ఒకటి రెండు రోజులు ఫోన్ లోలోపల యాప్‌లను, ఫొటోలను తిరిగి సర్దుకుంటుంది కాబట్టి బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. ఆ రెండు రోజులు గడవకముందే ఒక నిర్ణయానికి రాకూడదు. వేసవిలో ఇంకొక సంగతి కూడా చూసుకోవాలి. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని ఆపిల్ చెబుతుంది. మే నెలలో మిర్యాలగూడ మధ్యాహ్నపు ఎండ ఆ హద్దును ఎప్పుడో దాటేసి ఉంటుంది. రాత్రిపూట చల్లబడ్డాక కూడా, వాడకుండా పక్కన పెట్టిన ఫోన్ వేడిగానే ఉంటే అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించవచ్చు.

సమస్య: పక్కవాళ్లకు వచ్చిన అప్‌డేట్ నా ఫోన్‌కు రాలేదు.

ఇది లోపం కాదు. కంపెనీలు స్టేబుల్ అప్‌డేట్‌ను విడతలవారీగా పంపుతాయి, తొలి విడతలో ఏదైనా తేడా కనబడితే మిగతావారికి చేరకముందే ఆపేస్తాయి. ఆగలేక బీటాలో చేరడం దీనికి పరిష్కారం కాదు.

సమస్య: బీటాలో చేరాను, ఇప్పుడు బయటికి రావాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పిక్సెల్‌లో బీటా నుంచి తప్పుకుంటున్నట్టు నమోదు చేయగానే పాత వెర్షన్‌కు తీసుకెళ్లే ఒక అప్‌డేట్ వస్తుంది. చూడటానికి అది మామూలు అప్‌డేట్‌లాగే ఉంటుంది, కానీ వేస్తే ఫోన్ మొత్తం ఖాళీ అవుతుంది. సమాచారం పోకుండా బయటపడాలంటే స్టేబుల్ వెర్షన్ విడుదలయ్యే దాకా ఆగి, దాన్ని వేసుకుని, తర్వాతి బీటా వేయకముందే తప్పుకోవాలి.

ఈ చివరి షరతు దగ్గర ఎంతోమంది చిక్కుకుంటారు. ఆండ్రాయిడ్ 16 స్టేబుల్ 2025 జూన్ 10న విడుదలైంది. అంతకుముందే, మే 20న, దాని తర్వాతి త్రైమాసిక అప్‌డేట్ తొలి బీటా వచ్చింది. నమోదై ఉన్నవారికి అది దానంతట అదే అందింది. దాన్ని వేసుకున్నవారికి జూన్‌లో సురక్షితంగా బయటపడే దారి మూసుకుపోయి, సెప్టెంబరులో ఆ త్రైమాసిక స్టేబుల్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి తప్పుకోవాలనుకున్నవారు విడుదల తేదీ దగ్గరపడుతున్నప్పుడు వచ్చే ప్రతి అప్‌డేట్ పేరును పూర్తిగా చదివి, త్రైమాసిక బీటా (ఇంగ్లిష్‌లో QPR Beta) అని ఉంటే దాన్ని వేయకుండా వదిలేయాలి.

ఐఫోన్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీలోని బీటా అప్‌డేట్స్‌ను ఆఫ్ చేసి తర్వాతి స్టేబుల్ కోసం వేచి ఉండటమే క్షేమం. కంప్యూటర్‌తో వెంటనే వెనక్కి వెళ్లవచ్చు గాని, బీటాలో ఉండగా తీసిన బ్యాకప్ పాత ఐఓఎస్‌లోకి ఎక్కదు. చేరకముందే కంప్యూటర్‌లో బ్యాకప్ తీసి, దాన్ని ఆర్కైవ్ చేసి (తర్వాతి బ్యాకప్ దాన్ని చెరపకుండా విడిగా భద్రపరిచి) పెట్టుకోవాలని చెప్పేది అందుకే.

రెండో ఫోన్ ఉన్నవారు బీటాలో చేరడాన్ని మాత్రం నేను మనసారా ప్రోత్సహిస్తాను. వత్తులు విడిపోవడం, కీబోర్డు తడబడటం వంటి తెలుగు లిపి లోపాలను విడుదలకు ముందే ఫీడ్‌బ్యాక్ యాప్ ద్వారా తెలియజేయాల్సింది తెలుగు చదివేవారే. అలాంటివారు కూడా తొలి బీటాలో కాకుండా, గూగుల్ ప్లాట్‌ఫామ్ స్టెబిలిటీ అని పిలిచే దశ (యాప్‌లపై ప్రభావం చూపే మార్పులు ఖరారయ్యే దశ) దాటాక చేరడం మేలు. ఆండ్రాయిడ్ 16లో ఆ దశ మూడో బీటాతో, 2025 మార్చిలో వచ్చింది.

సమస్య: ఫోన్‌ను మొత్తం ఖాళీ చేసి రీసెట్ చేశాక యూపీఐ పనిచేయడం లేదు.

యూపీఐ యాప్ మీ ఖాతాను ఫోన్‌తోనూ సిమ్‌తోనూ కలిపి ముడివేస్తుంది కాబట్టి, రీసెట్‌తో ఆ ముడి విడిపోతుంది. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, దాని నుంచి ఎస్ఎంఎస్ వెళ్లేలా రీఛార్జ్ ఉండాలి, రెండు సిమ్‌లుంటే సరైనదాన్ని ఎంచుకోవాలి. తిరిగి నమోదయ్యాక తొలి 24 గంటలు పంపగలిగే మొత్తంపై బ్యాంకులు సాధారణంగా పరిమితి పెడతాయి. కాబట్టి ఎరువుల దుకాణంలోనో, మిల్లులోనో పెద్ద చెల్లింపు ఉన్న రోజుకు ముందురోజు రీసెట్ పెట్టుకోకూడదు.