పెద్దయ్యాక మన ఆలోచన మార్చుకోవాలంటే

నేను పెద్దవాళ్ళకు సాయంత్రం క్లాసులు చెప్తాను. నాలుగు కొత్త విషయాలు తెలిస్తే లోకాన్ని చూసే తీరు దానంతటదే మారుతుందని చాలామంది అనుకుంటారు. మారదు. కొత్త సమాచారం పాత నమ్మకం పక్కనే సర్దుకుని కూర్చుంటుంది.

మీకు గుచ్చుకున్న చోటు నుంచి మొదలుపెట్టండి. ఉద్యోగం పోవడం కావచ్చు, మీరు ప్రేమించే మనిషి మీ అభిప్రాయానికి ఎదురు తిరగడం కావచ్చు. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ కాలేజీలో చేరిన అమెరికన్ మహిళలను పరిశీలించి, 1978లో వయోజన విద్యా పరిశోధకుడు జాక్ మెజిరో ఇలాంటి మార్పుకు 10 దశలు చెప్పారు. అందులో మొదటిది ఇలాంటప్పుడు కలిగే కంగారే. దాన్ని వెంటనే పోగొట్టుకోవాలని చూడకండి.

ఆ కంగారు ఏ నమ్మకాన్ని కదిలించిందో ఒక్క వాక్యంలో రాయండి. మా క్లాసులో ఒక తండ్రి "భయం లేకపోతే పిల్లలకు చదువు రాదు" అని రాశారు. ఇక మూడు ప్రశ్నలు. నేను నమ్ముతున్నది ఏమిటి? ఈ నమ్మకం నాకు ఎలా ఏర్పడింది? అసలు ఇది నాకెందుకు ఇంత ముఖ్యం? మెజిరో కూడా ఏమిటి, ఎలా, ఎందుకు అనే ఈ మూడు రకాల ఆలోచననూ వేరు చేసి చూపించారు. చాలామంది రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఆ తండ్రి కూడా "మా నాన్న కొట్టేవారు, నేను పాసయ్యాను" అని రాసి పెన్ను పక్కన పెట్టేశారు. మూడోదానికి చాలాసేపు కూర్చుని ఇలా రాశారు: "భయం అక్కర్లేదంటే నేను తిన్న దెబ్బలన్నీ అనవసరమేగా. ఆ మాట ఒప్పుకోలేను." ఆయన పిల్లల చదువు గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఈ మాట దొరికేది కాదు. (పాత గాయం ఇంకా పచ్చిగా ఉంటే మూడో ప్రశ్నను ఒంటరిగా వేసుకోకండి, కౌన్సెలర్ సాయం తీసుకోండి.)

తర్వాత మరో మనిషితో మాట్లాడాలి. మీ మీద అధికారం ఉన్నవాళ్ళు వద్దు, మీ మాటకు తలాడించేవాళ్ళూ వద్దు. ఎదుటివాళ్ళను కాసేపు ప్రశ్నలు మాత్రమే అడగమనండి, సలహాలు వద్దని ముందే చెప్పండి. గెలుపోటములు మొదలయ్యాయంటే ఆ రోజుకి ఆపేయడమే మంచిది.

చివరికి చిన్న పని ఒకటి మార్చి చూడండి. ఆ తండ్రి మార్కులు అడగడం మానేసి, "ఇవాళ ఏది అర్థం కాలేదు?" అని అడగడం మొదలుపెట్టారు. మొదట్లో కొడుకు జవాబు చెప్పలేదు, ఇదేదో కొత్త పరీక్ష అనుకున్నాడట. అందుకే మీరు ఏం మారుస్తున్నారో, ఎందుకు మారుస్తున్నారో ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. వాళ్ళు నమ్మడానికి టైమ్ పడుతుంది.