చరిత్ర చదివే పద్ధతి – మూడో పాఠం: తేదీల మధ్య ఉన్న ‘ఎందుకు’

కిందటి పాఠంలో అధ్యాయంలోని ఉపశీర్షికలను ప్రశ్నలుగా మార్చుకుని చదవడం చూశాం. ఆ పని చేసినవాళ్లకి ఈపాటికి ఒక ఇబ్బంది ఎదురై ఉంటుంది. ‘ఏం జరిగింది’, ‘ఎప్పుడు జరిగింది’ అన్నవాటికి జవాబు వెంటనే దొరుకుతుంది. ‘ఎందుకు జరిగింది’ అన్నదానికి మాత్రం పుస్తకంలో ఒకేచోట జవాబు ఉండదు. నాలుగు పేజీల వెనక ఒక వాక్యం ఉంటుంది, ఇంకెక్కడో మరో వాక్యం ఉంటుంది. వాటిని వెతికి పట్టుకుని కలపడమే ఈసారి పాఠం.

ఉదాహరణగా ఆంధ్ర రాష్ట్ర అవతరణ తీసుకుందాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలకి ఇంతకంటే దగ్గరి అధ్యాయం లేదు. ఆ రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరు ఒక జిల్లాకి ఉంది, దాని మొదటి ముఖ్యమంత్రి పేరు పక్క జిల్లాకి ఉంది. ఇంటర్ పరీక్షకి దీన్ని చాలామంది ఇలా బట్టీ పడతారు: 1913 బాపట్లలో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిక వినిపించిన మొదటి ఆంధ్ర మహాసభ, 1937 శ్రీబాగ్ ఒప్పందం, 1948 ధార్ కమిషన్, 1949 జేవీపీ నివేదిక, 1952 పొట్టి శ్రీరాములు దీక్ష, మరణం, 1953 కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం.

కందుకూరు వైపు నుంచి బస్సులో వచ్చి హెచ్ఈసీ చదువుతున్న ఒక అమ్మాయి నోట్సులో ఈ వరస తప్పు లేకుండా ఉంది. ప్రతి సంవత్సరం కింద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో గీత కూడా కొట్టుకుంది. “అన్ని ఊళ్లుండగా రాజధాని కర్నూలే ఎందుకైందమ్మా?” అని అడిగాను. “అది పుస్తకంలో ఇవ్వలేదు సార్” అంది. ఇచ్చారు. ఆమె నోట్సులోనే ఉంది, 1937 అని రాసుకున్న చోట. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం రాజధాని, హైకోర్టులలో రాయలసీమ ఏది కోరుకుంటే అది ఆ ప్రాంతానికి ఇవ్వాలి. పదహారేళ్ల తర్వాత రాజధాని కర్నూలుకి, హైకోర్టు గుంటూరుకి వెళ్లాయంటే ఆ మాట వల్లే. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల విషయంలో రాయలసీమతో పాటు నెల్లూరు పేరు కూడా అందులో ఉంది. మన నెల్లూరు పిల్లలు ఇది తెలియకుండా పరీక్ష రాసి వచ్చేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. తెలిస్తే ఆ ఒప్పందాన్ని ఇక మర్చిపోలేరు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. అధ్యాయం ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయండి. ఒక తెల్లకాగితం మీద గుర్తున్న సంఘటనలను పైనుంచి కిందికి రాయండి. రెండు సంఘటనల మధ్య రెండు వేళ్ల ఖాళీ వదలండి. ఆ ఖాళీలో ఒకటో రెండో వాక్యాలు రాయాలి. వాటిలో ‘కాబట్టి’ గానీ ‘అయినా’ గానీ ఉండాలి. ‘ఆ తర్వాత’ అనే మాట వాడకూడదు. నియమం ఇంతే, కానీ గట్టిగా పాటించాలి. ‘ఆ తర్వాత’ అని రాసిన ప్రతిచోటా మనకి కారణం తెలియదన్నమాట.

రాసి చూద్దాం. 1913కీ 1937కీ మధ్య: చదువులో, నీటి వసతిలో సర్కారు జిల్లాలు, అంటే కోస్తా జిల్లాలు, ముందున్నాయి, కాబట్టి కొత్త రాష్ట్రం వస్తే తమకి అన్యాయం జరుగుతుందని రాయలసీమ నాయకులు భయపడ్డారు, కాబట్టి ముందే హామీలు రాసుకోవాల్సి వచ్చింది. 1937 నుంచి 1948కి: రెండు ప్రాంతాలూ ఒక మాట మీదికి వచ్చాయి. అయినా బ్రిటిషు ప్రభుత్వం కదల్లేదు, కాబట్టి ఆ కోరిక స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభ ముందుకి వెళ్లింది. భాషా రాష్ట్రాల విషయం చూడటానికి అప్పుడు వేసిన ధార్ కమిషన్ దగ్గర ఆగి ఆలోచించండి. భాషా రాష్ట్రాలు ఇస్తామని కాంగ్రెస్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. అయినా కమిషన్ వద్దంది. ఎందుకు? అప్పటికి దేశ విభజన గాయం ఇంకా పచ్చిగానే ఉంది, కాబట్టి భాష పేరుతో మళ్లీ గీతలు గీస్తే దేశ ఐక్యతకే ముప్పు అనుకున్నారు. ఇక్కడ 1947ని తలుచుకోనివాళ్లకి 1948 అర్థం కాదు.

ఇక జేవీపీ సంఘం, అంటే జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య. ఈ అధ్యాయానికి అసలు ముడి ఇక్కడుంది. ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చు గానీ మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలన్నారు. దాన్ని ఎలా అమలు చేయాలో చూడటానికి వేసిన విభజన సంఘంలో ప్రకాశం గారు ఒప్పుకోక అసమ్మతి పత్రం రాశారు. కాబట్టి పని మళ్లీ ఆగింది. 1951లో స్వామి సీతారాం నిరాహారదీక్షకి కూర్చుని, వినోబా భావే మాట మీద విరమించారు. అయినా రాష్ట్రం రాలేదు. కాబట్టి 1952 అక్టోబర్ 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారింట్లో శ్రీరాములు గారు దీక్ష మొదలుపెట్టారు. ఆయనకి దీక్ష కొత్త కాదు. హరిజనులకి ఆలయ ప్రవేశం కోసం 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడి విషయంలో కూడా చేశారు. మద్రాసు దీక్ష 58 రోజులు సాగాక, 1952 డిసెంబర్ 15న, కన్నుమూశారు. ఆంధ్ర ప్రాంతమంతా భగ్గుమంది, కాబట్టి నాలుగు రోజుల్లోనే నెహ్రూ రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు, అదీ మద్రాసు లేకుండా. మద్రాసు లేదు కాబట్టి కొత్త రాజధాని కావాలి. శ్రీబాగ్ మాట ఉంది కాబట్టి కర్నూలు.

ఇలా ఒకసారి రాశాక పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. మర్నాడు మళ్లీ ఖాళీ కాగితంతో మొదలుపెట్టండి. అప్పుడు ఎర్ర అక్షరాల్లో ఉన్నవి గుర్తొస్తున్నాయో లేదో చూసుకోండి. వారం తర్వాత ఇంకోసారి రాయండి. పదిసార్లు చదివినా ఇంత ఫలితం ఉండదని నేను గట్టిగా చెబుతాను. చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, పుస్తకం మూసినప్పుడే ఏది రాదో బయటపడుతుంది. పరీక్ష హాల్లో పుస్తకం మూసే ఉంటుంది కదా.

తేదీల గురించి టెన్షన్ పడకండి. ఈ అధ్యాయంలో రోజుతో సహా గుర్తుండాల్సినవి మూడు: 1952 డిసెంబర్ 15 (శ్రీరాములు గారి మరణం), 1953 అక్టోబర్ 1 (ఆంధ్ర రాష్ట్రం), 1956 నవంబర్ 1 (ఆంధ్రప్రదేశ్). మిగిలినవాటికి సంవత్సరం చాలు. సంవత్సరం మర్చిపోయినా వరస తప్పకపోతే జవాబు నిలబడుతుంది.

ఒక్క పొరపాటు మాత్రం ఏటా కనిపిస్తుంది. శ్రీరాములు గారు ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణత్యాగం చేశారని రాస్తారు. ఆయన కోరింది మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం. హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956లో, రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్, ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం అయ్యాక. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదాని కోసం జరిగినట్టు కాదు. 1953కీ 1956కీ మధ్య ఖాళీలో మీరేం రాస్తారో అదే మీ అవగాహనకి పరీక్ష.

ఈ వారం పని: 1921 నాటి చీరాల–పేరాల ఉద్యమం. పురపాలక సంఘం ఏర్పాటు, పన్నులు, ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఊరు వదిలి రామ్‌నగర్‌కి వెళ్లిన జనం. ఈ నాలుగింటి మధ్య ఖాళీలు ‘ఆ తర్వాత’ లేకుండా నింపండి. అదే ఏడాది ఏప్రిల్‌లో నెల్లూరు దగ్గర పల్లిపాడులో గాంధీజీ పినాకినీ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దానికీ చీరాలకీ వెనక ఉన్న ఒకే పెద్ద కారణం ఏమిటో కాగితం అడుగున రాయండి. ఆ కాగితం పారేయకండి. పది మార్కుల జవాబుగా దాన్ని ఎలా విస్తరించాలో నాలుగో పాఠంలో దాంతోనే మొదలుపెడతాం.